ఒక చెవిలో మఠం, ఒక చెవిలో కొట్టం

ఫ్రాన్సు పోయి వచ్చాక మా ఊళ్ళో నన్ను అడగనివాళ్ళు లేరు. "ఆడ ఏమేం సూసినావమ్మా?" అంటారు. సముద్రంలో కొండ, కొండ మీద మఠం, ఎప్పుడో రాజుల కాలం నాటిది అని చెప్పి, ఇంకో ప్రశ్న వేసేలోపల కాఫీ పెడతానని లోపలికి లేచిపోతాను. కాఫీ తాగనివాళ్ళకు కూడా పెట్టాను. ఆ రోజు సంగతి నోటితో చెప్పాలంటే నాకు చేతకాదు, అందుకని రాస్తున్నాను.

మాది పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో, తారు రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. మెట్ట చేను, ఒక బోరు, మూడు పొట్టావులు. పుంగనూరు ఆవులంటే ఇప్పుడు లోకమంతా ఎగబడుతోంది. బెంగళూరు నుంచి కార్లేసుకుని వచ్చి, నా నడుము దాకా కూడా రాని ఆవును కుక్కపిల్లను ఎత్తినట్టు ఎత్తుకుని ఫోటో దిగుతారు. ఇంటి హాల్లో తివాచీ మీద పెంచుకుంటానన్నాడు ఒకాయన. పేడ వేస్తే ఏం చేస్తారని అడిగితే, "డైపరు వేస్తామండీ" అన్నాడు. ఆయన్ను మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా సాగనంపాను. మా మామ కాలంలో వీటికి ఫోటోలు లేవు. తక్కువ మేస్తాయి, ఎండకు ఓర్చుకుంటాయి, కరువులో కూడా చెంబెడు పాలిస్తాయి. అందుకని పెంచారు, అంతే.

నేను డిగ్రీ చదివి వచ్చిన కోడల్ని. చదువు ఎందుకూ పనికిరాకుండా పోతుందన్న ఉక్రోషంతో ఆవుల సంగతులన్నీ ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. ఏది ఎప్పుడు ఎదకొచ్చింది, ఎప్పుడు ఆబోతుతో దాటించాం, ఎప్పుడు ఈనింది, ఏ రోగానికి ఏం పెట్టాం, అన్నీ. ఆవుల జాతుల మీద పనిచేసేవాళ్ళు కొందరు మా ఊరొచ్చి ఆ బుక్కు చూసి తెగ మెచ్చుకున్నారు. పొట్టి జాతి ఆవులు పెంచేవాళ్ళను నాలుగు దేశాల నుంచి ఒకచోట చేర్చి మాట్లాడిస్తున్నారట, ఫ్రాన్సులో. వస్తావా అన్నారు. వస్తానన్నాను. నాకు ఇంగ్లీషు మాటలకు అర్థం చెప్పడానికి కుప్పంలో పాఠాలు చెప్పే లెక్చరరు ఒకాయన్ని తోడిచ్చారు. వయసులో నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు.

మూడింటిలో ఎర్రది అప్పటికి చూలుతో ఉంది. అదంటే నాకు ప్రాణం. దాని తల్లి ఈనిన మూడో రోజే చచ్చిపోతే నేను సీసాతో పాలు పట్టి పెంచాను. ఆ పెంపకంతో అది పాడైపోయిందని మా అత్త అనేది. దానికి నేను తప్ప వేరే మనుషులు కనబడరు. మా ఆయన గడ్డి వేస్తే తింటుంది, చెయ్యి మాత్రం వేయనివ్వదు. నాకు జ్వరమొచ్చిన రోజుల్లో ఆయన నేను విడిచిన చీర ఒంటికి చుట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని పాలు పిండేవాడు. మా వైపు పల్లెల్లో ఇది కొత్త కాదు. ఆవు మొగం చూసి కాదు, వాసన చూసి మనిషిని గుర్తుపడుతుంది. చీర కట్టుకుని పొదుగు దగ్గర కూర్చున్న మగవాణ్ణి చూసి మా ఊళ్ళో ఎవరూ నవ్వరు. నేను మాత్రం జ్వరంలో కూడా నవ్వేదాన్ని.

నోటుబుక్కు ప్రకారం ఎర్రది ఈనడానికి ఇంకా ఇరవై రోజుల పైన ఉంది. మొదటిసారి దాటించిన మూడు వారాలకు అది మళ్ళీ ఎదకొచ్చినట్టు అరిచింది. మళ్ళీ దాటించాం. నేను రెండోసారి తేదీ నుంచి లెక్క వేశాను. మా అత్తకు నోటుబుక్కు లేదు, కళ్ళున్నాయి.

"పొదుగు దిగతాండాది సూడు. తోక మొదట్లో మెత్తబడింది. ఇది నువ్వొచ్చేదాకా ఆగేటట్టు లేదమ్మా," అంది.

"ఇంకా ఇరవై దినాలుండాది అత్తా. రాసిపెట్టుకోనుండా."

"సూలు నిలిసినాక గూడా ఒక్కోటి అరస్తాది. మొదటిదే నిలిసిందేమో."

లేదన్నాను. నిజం చెబుతాను, ఆమె మాట నాకు అర్థమైంది. ఆమె మాట ఎప్పుడూ తప్పలేదని కూడా తెలుసు. అప్పటికే వీసా వచ్చింది, టికెట్టు వచ్చింది, మా అన్నదమ్ములకంతా ఫోన్లు చేసి చెప్పేశాను. అర్థం కానట్టు మొగం పెట్టుకుని ఊరుకున్నాను. పోయే ముందురోజు ఇల్లంతా కడిగాను. ఆడది దూరం పోతుంటే ఇంట్లో విడిచిన బట్ట వదిలిపోకూడదని మా అమ్మ అనేది. చీరలన్నీ సబ్బుపొడి దండిగా వేసి నానబెట్టి, ఉతికి, మడిచి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టాను.

సమావేశం మూడు రోజులు జరిగింది. వాళ్ళ పొట్టావులను చూశాను, తెలుపూ నలుపూ మచ్చలవి, మనవాటి కంటే కాస్త పొడుగు. బాగానే గడిచింది. చివరి రోజు అందరినీ బస్సెక్కించి, ఆ మఠం చూపించడానికి పిలుచుకుపోయారు. మా విమానం మరుసటి రోజు సాయంత్రం.

దూరం నుంచి చూస్తే బయలు మధ్య ఒక కొండ, దాన్ని నిండా కప్పేస్తూ గోడలు, పైన గోపురం లాంటి సన్నటి కొన. చుట్టూ సముద్రమన్నారు గానీ అప్పుడు నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. కనుచూపు మేర తడి ఇసుక. పోటు వస్తే కొండ చుట్టూ నీళ్ళు కమ్ముకుంటాయట. ఒడ్డున పచ్చికలో గొర్రెలు మేస్తున్నాయి. ఆ గడ్డికి ఉప్పు పట్టి ఉంటుందని, అందుకే ఆ మాంసం రుచి అని లెక్చరరు చెప్పాడు. ఉప్పు గడ్డి మేసిన గొర్రెకు నీళ్ళు ఎవరు పెడతారో కనుక్కోమన్నాను. ఆయన అడగలేదు, సిగ్గుపడ్డాడు.

వంతెన మీద నడిచిపోతుంటే మా గైడు ఎదురొచ్చింది. నా వయసే ఉంటుంది, చేతిలో మూసిన పసుప్పచ్చ గొడుగు. తప్పిపోకుండా ఆ గొడుగును చూసి నడవాలట. తలా ఒక చిన్న డబ్బా మెడలో వేసి, దాని తీగ ఒక చెవిలో పెట్టుకోమంది. ఆమె ఎంత దూరంలో నెమ్మదిగా మాట్లాడినా మా చెవిలో వినబడుతుంది. అది చెవిలో పెట్టుకుంటూ ఉండగానే చేతిసంచిలో ఫోను మోగింది. అక్కడ పొద్దున పది, మా ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఆ వేళకు మా ఆయన ఎప్పుడూ ఫోను చెయ్యడు. రెండో చెవిలో పెట్టుకున్నాను.

"ఏమే, ఎర్రది ఈనతాండాది."

"ఎట్ల ఈనతాది? ఇంకా రెండు వారాలుండాది గదా!"

"ఆ మాట దానికి సెప్పు. ముందర నీళ్ళు పోయి గంటపైన అయింది. ఒక కాలే కనబడతాండాది, రెండో కాలు లోపల మడత పడుండాది. దగ్గరికి పోతే తంతాండాది. అమ్మను గూడా తోసేసింది."

ఒక కాలు ముందుకొచ్చి ఒక కాలు మడత పడితే, చెయ్యి లోపల పెట్టి సరిచెయ్యాలి. అంతసేపు ఆవు కదలకుండా పడుకోవాలి. ఆలస్యమైతే దూడ పోతుంది, ఇంకా ఆలస్యమైతే ఆవు పోతుంది. నా చేతులు సన్నవి, ఇంతకు ముందు రెండుసార్లు నేనే సరిచేశాను. ఆ చేతులతో ఇక్కడ వంతెన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"డాక్టరో?"

"మదనపల్లెలో బయల్దేరినాడంట."

"అంతదాకా నువ్వు నా కోక సుట్టుకోని దగ్గరికి పో."

"సుట్టుకోనే మాట్లాడతాండా," అన్నాడు. "ఏం పనికొచ్చిందే? మూతి పెట్టి వాసన సూసి, కొమ్ముతో ఇసిరింది. సబ్బు వాసన, కలరా ఉండల వాసన. ఒక్క కోకన్నా ఇడిసిపెట్టి పోకూడదా? యాల ఉతికితివి అన్నీ?"

ఎందుకు ఉతికావంటే, మా అమ్మ మాట విని. నేను విడిచిన చీరలు నాలుగూ హోటల్లో నా పెట్టెలో ఉన్నాయి. ఆ చీరల్లో ఒక్కటి మా కొట్టంలో ఉంటే చాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, నాకు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

పసుప్పచ్చ గొడుగు కదిలింది. కోట వాకిలి లాంటి ద్వారం దాటి, ఇరుకు వీధి ఎక్కి, తర్వాత మెట్లు. ఎన్ని మెట్లో. ఎడమ చెవిలో గైడు గొంతు, ఏ గోడ ఎవరు కట్టించారో, ఎప్పుడు కాలిందో, మళ్ళీ ఎవరు కట్టారో చెబుతోంది. కుడి చెవిలో ఫోను పెట్టుకుని నేను మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను. మా ఆయన ఎత్తితే ఒక ముక్క, ఎత్తకపోతే గంట మోత. డాక్టరు ఇంకా రాలేదు. అత్త వేపాకు పట్టుకుని కూర్చుంది. ఎర్రది లేస్తోంది, పడుకుంటోంది, గుంజ చుట్టూ తిరుగుతోంది. చుట్టూ ఉన్న జనం నన్ను చూసి దారిచ్చారు. ఫోనులో అరుస్తూ మెట్లెక్కే చీర మనిషిని వాళ్ళు చూసి ఉండరు.

పైన ఒక పెద్ద గదిలో మనిషికి మూడింతలు ఎత్తున్న చెక్క చక్రం ఉంది. ఒకప్పుడు ఈ మఠాన్ని జైలు చేశారట. ఖైదీలు ఆ చక్రంలో నిలబడి నడుస్తూ తిప్పితే, కింద నుంచి సరుకులు తాడుతో పైకి వచ్చేవట. ఎంత నడిచినా వాళ్ళు ఉన్నచోటే ఉంటారని లెక్చరరు చెప్పాడు. ఆయన్ను ఆ పూట కొట్టాలనిపించింది. ఆయన తప్పేం లేదు. అర్థం చెప్పడానికే ఆయన్ను పంపారు, చెబుతున్నాడు.

"సారూ, నేను ఈ పొద్దే ఇంటికి పోవల్ల. ఏదన్నా దారుండాదా?" అని అడిగాను.

ఆయన నా మొగం చూసి, గైడు దగ్గరికి పోయి మాట్లాడి వచ్చాడు. "అక్కా, ఇప్పుడు ఈడనుంచి బయల్దేరినా ఇంట్లో దిగేది ఎల్లుండే. ఇమానం ఒకటే గదక్కా," అన్నాడు. నాకు తెలియనిది కాదు. ఎవరో ఒకరు లేదని చెబితేగానీ మనసు ఊరుకోదు.

ఆ తర్వాత మమ్మల్ని తీసుకుపోయిన చోటు నేను మరిచిపోలేను. కొండ కొసన, ఆకాశం కింద, నాలుగు వైపులా సన్నటి రాతి స్తంభాల వసారా, నడుమ పచ్చిక. సన్యాసులు ఆ వసారాలో తిరుగుతూ జపం చేసుకునేవాళ్ళట. మాకంటే ముందు పోయినవాళ్ళంతా అక్కడ నోరు మూసుకుని నిలబడి ఉన్నారు.

"ఈడ మాట్లాడకూడదంటక్కా," అని లెక్చరరు నా చెవి దగ్గర గుసగుసలాడాడు. "ఆ కాలంలో సన్నాసులు గూడా సైగలేనంట."

అప్పుడే ఫోను మోగింది. మా ఆయన గొంతులో కాస్త ఊపిరి ఉంది.

"డాక్టరొచ్చినాడే. నలుగురం పట్టుకోని మెల్లింగా పండబెట్టినాము. నెమ్మదించింది ఇప్పుడు, కండ్లు మూసుకోనుండాది. చెయ్యి లోపల పెట్టినాడు. కాలు దొరికిందంటాండాడు."

"దొరికిందా?"

"దొరికింది. ఇంగ తిప్పల్ల, అంతే. నేను పెట్టేస్తా."

అక్కడ పెట్టేసి ఉండాల్సింది. పెట్టెయ్యనిచ్చి ఉంటే ఈ నాలుగు మాటలు రాసే పని నాకు ఉండేది కాదు. పొద్దుటి నుంచి ఎవరికీ ఏ ఉపకారమూ చెయ్యలేక మెట్లెక్కుతున్నాను. అంత దూరాన అంతా నేను లేకుండానే సర్దుకుంటోంది. అది సంతోషం కదా? నాకు సంతోషం కాలేదు. ఏదో ఒకటి నేను కూడా చెయ్యాలి.

"స్పీకర్లో పెట్టు. దాంతో ఒక్క మాట మాట్లాడతా."

"వద్దులేవే. నిమ్మళంగా ఉండాది."

"నా గొంతు ఇంటే ఇంగా నిమ్మళిస్తాది. పెట్టయ్యా. నువ్వు సుట్టుకున్న కోకకు లేని వాసన నా గొంతుకన్నా ఉంటాది."

"డాక్టరు గమ్మునుండమంటాండాడు."

"పెట్టవయ్యా!" అని అరిచాను. వసారాలో జనమంతా తిరిగి చూశారు.

పెట్టాడు. పక్కన అత్త ఊపిరి, డాక్టరు మూలుగు, ఎక్కడో కోడి, అన్నీ వినబడ్డాయి. ఎర్రదాని గసపోత వినబడింది. "దామ్మా," అన్నాను. "దామ్మా, దా. దా."

నేను దాంతో రోజూ మాట్లాడే మాట అదొక్కటే. సాయంత్రం చేని నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడి, చేతిలో కుడితి బకెట్టుతో ఆ మాట అంటే అది ఎక్కడున్నా లేచి వస్తుంది. సీసా పాలు తాగే రోజుల నుంచీ అంతే. పడుకోమని చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

పిలిచాను కాబట్టి లేచింది.

నాకు వినబడింది మాత్రమే చెబుతాను. మెడలో గంట మోగింది. డాక్టరు "అమ్మా!" అని కేకేశాడు, ఆయన చెయ్యి ఇంకా లోపలే ఉంది. గుంజ ఊడిన చప్పుడు. "పట్టుకో, పట్టుకో" అని అత్త. గంట దూరంగా పోతూ మోగింది, గేటు వైపు. తర్వాత ఏదో పెద్దగా కూలబడిన చప్పుడు. "అయ్యో, ఎంత పని సేసితివే," అన్నాడు మా ఆయన. ఆవుతో అన్నాడో నాతో అన్నాడో తెలియదు. ఫోను ఆగిపోయింది.

నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. గొడుగు ముందుకు కదిలింది. ఆ వసారా తర్వాత దారి కిందికి, కొండ కడుపులోకి పోతుంది. పైనున్న గుడి బరువంతా మోసే స్తంభాల గది అది. ఒక్కో స్తంభం ఐదుగురు చేతులు కలిపితే గానీ అందదు. ఆ రాతి మధ్య ఫోనులో ఒక్క గీత కూడా లేదు. వెనక్కి మెట్లెక్కబోతే అక్కడి కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టి, గోడ మీద బాణం గుర్తు చూపించాడు. వచ్చిన దారిన పోకూడదట. అందరూ ఒకే వైపు పోవాలట. చేతులు జోడించాను. ఆయన కూడా నవ్వి చేతులు జోడించాడు. నమస్కారం అనుకున్నాడు పాపం.

గది తర్వాత గది. ఒక్కోదాని దగ్గరా గొడుగు ఆగుతుంది, గైడు చెబుతుంది, నా చెవిలో ఆ గొంతు ఎంత మెత్తగా ఉందంటే నాకు ఏడుపొచ్చింది. చెవిలో తీగ పీకి పారెయ్యాలన్న ఆలోచన కూడా రాలేదు. ఒక స్తంభానికి వీపు ఆనించి కూర్చుండిపోయాను. లెక్చరరు కూడా నా పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏమైందక్కా అనలేదు. ఆయన ఆ పూట చేసిన మంచి పని అది.

బయటికి వచ్చేసరికి దాదాపు గంటయింది. కింద ఇసుక మీదికి నీళ్ళు వస్తున్నాయి, అలలు లేకుండా, పల్చగా, అన్ని వైపుల నుంచీ. అందరూ గోడ దగ్గర చేరి ఫోటోలు తీస్తున్నారు. నా ఫోనుకు ప్రాణం వచ్చింది. మా ఆయనే చేశాడు.

"ఆవు బతికుండాది," అన్నాడు ముందు. "లేసి నిలబడింది. కుడితి తాగింది."

"దూడ?"

"పెయ్యే. పోయింది."

"నేను పిలిస్తిననే గదా?"

"కాదులేవే. కడుపులోనే పోయుండాది ముందరే. డాక్టరు సెప్పినాడు," అన్నాడు. మా ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్నాను, అబద్ధం చెప్పేటప్పుడు ఆయన గొంతు పల్చబడుతుంది. సముద్రం ఇంకా పైకొచ్చింది. బస్సుకు వేళయిందని గొడుగు పైకి లేచింది, అందరితో పాటు నేనూ దిగాను.

రెండు రోజులకు బెంగళూరులో దిగి, మదనపల్లె బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఇల్లు చేరాను. మా అత్త వాకిట్లోనే కూర్చుని ఉంది. ఆమెకు అబద్ధం అవసరం పడలేదు. దూడ అప్పటికి కదులుతూనే ఉందట, మడత పడిన కాలు సరై వెలుపలికి రాబోయిందట, ఇంకో నిమిషం అంతే అన్నాడట డాక్టరు. ఎర్రది లేచి గేటుదాకా ఈడ్చుకుపోయింది. మళ్ళీ పడుకోబెట్టి చెయ్యి పెట్టేసరికి దూడ కదలడం లేదు. డాక్టరు మణికట్టు వాచిందట. "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్లాయ," అంది అత్త. తిట్టినట్టు అనలేదు. ఆమె కొంగుతో నా మొగం తుడిచింది. అప్పుడు గట్టిగా ఏడ్చాను. నోటుబుక్కులో ఆ తేదీ దగ్గర ఏం రాయాలో తెలియక, ఆ పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంచాను.

సాయంత్రం కుడితి కలుపుకుని గేటు దగ్గరికి పోయాను. కొట్టంలో ఎర్రది నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. పొదుగు నిండి ఉంది, తాగడానికి ఎవరూ లేరు. "దామ్మా, దా," అన్నాను.

దాని చెవులు రెండూ నా వైపు తిరిగాయి. విన్నది. తల మాత్రం తిప్పలేదు. రెండు రోజుల కిందట అదే గొంతు వినబడితే, కడుపులో బిడ్డతో లేచి, గుంజ ఊడబెరుక్కుని, ఈ గేటుదాకా వచ్చి చూసుకుంది. ఎవరూ లేరు. ఇప్పుడు కూడా ఎవరూ లేరనే అనుకుంది.

రెండోసారి పిలవలేదు. బకెట్టు పట్టుకుని కొట్టం చుట్టూ తిరిగి, దానికి కనబడేలా ఎదురుగా పోయి నిలబడ్డాను.